తెల్ల టెంటు చాటు గోడ

ఎల్లేశ్ వేసుకున్న ప్లాను చాలా సాదాది. చెల్లెలింటికి మహబూబాబాద్ వెళ్లిన భార్య రుక్మిణి ఇవాళ పదింటి రైలుకు దిగుతుంది. ఆమె వచ్చేసరికి ఇంటి ముందు ఆమె కుట్టుమిషన్ కోసం ఒక గది లేచి ఉండాలి. ఆమె వెళ్లిన రెండు రోజుల్లో గోడలు భుజాల ఎత్తుకు వచ్చాయి. కప్పు సంగతి తర్వాత చూసుకోవచ్చు.

పాపం, రుక్మిణి ఏళ్లుగా మంచం పక్క ఇరుకులో వంగి కూర్చుని గల్లీ అందరి జాకెట్లూ కుట్టింది. ఆమె మెడ పట్టుకుని మూలిగినప్పుడల్లా ఎల్లేశ్‌కు అన్నం సహించేది కాదు. ప్రేమ ఉన్నవాడికి బుద్ధి కూడా ఉండాలని ఎక్కడా రాసిలేదు కదా! జనగామలో వాళ్లది చిన్న ప్లాటు. చిన్నదైనా సరే మొత్తం కట్టేయకూడదు, ముందు ఇంత జాగా ఖాళీగా వదలాలని, ఇల్లు కట్టేనాడే మున్సిపాలిటీ దానియేలు సారు దగ్గరుండి ముగ్గు పోయించి మరీ చెప్పాడు. మనవాడు గది లేపింది సరిగ్గా ఆ జాగాలోనే.

పొద్దున పళ్లు తోముకుంటుంటే వార్త తెలిసింది. దానియేలు సారు ఇవాళ ఈ గల్లీకే వస్తున్నాడట. చూశాడంటే కూలగొట్టిస్తాడు. రుక్మిణి కంట పడకముందే గది పోతుంది. ఎల్లేశ్ ఉరుక్కుంటూ పోయి టెంట్‌హౌస్ మంగ్యాను నిద్ర లేపాడు.

"తమ్మీ, జర ఆదుకో. గోడ కనవడకుండ టెంటు ఎయ్యి."

"రంగులయన్ని పెండ్లిళ్లకు పోయినయన్నా. తెల్లయే ఉన్నయ్."

"ఏదైతేంది, గోడ దాగితే సాలు."

మంగ్యా టెంటు వేసి చుట్టూ తెల్ల పర్దాలు కట్టాడు. టెంటు వెంట కుర్చీలు దించడం అతనికి అలవాటు కాబట్టి గల్లీలో కుర్చీలు కూడా వేశాడు. గాలికి గుడ్డ లేస్తుందేమోనని ఎల్లేశ్ లోపలికి దూరి, పర్దా అంచు పట్టుకుని కూర్చున్నాడు.

ఎదురింటి ముత్తమ్మ వాకిలి ఊడ్చడానికి వచ్చి చీపురుతో అట్లాగే నిలబడిపోయింది. చావింటి ముందు వేసినట్టే తెల్ల టెంటు, వరసగా కుర్చీలు. పెళ్లిళ్ల పనితో నిద్ర లేక మంగ్యా కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఏమైంది బిడ్డా? ఎల్లేశ్ ఏడి?"

"లోపల్నే ఉన్నడవ్వా. పర్దా మాత్రం ఎవ్వరు తియ్యద్దు," అని చెప్పి మంగ్యా ఇంకో ఫంక్షన్‌కు వెళ్లిపోయాడు.

ముత్తమ్మ చీపురు జారవిడిచింది. ముందు రుక్మిణికి ఫోన్ కొట్టింది. రైలు అప్పటికే కాజీపేట దాటింది. "బిడ్డా, గుండె ధైర్యం చేసుకో. దిగంగనే ఆటో ఎక్కి ఇంటికి రా," అని పెట్టేసి, టెంటు ముందు చతికిలబడి ఏడుపు అందుకుంది. గల్లీ ఆడవాళ్లంతా చేరారు.

లోపల ఎల్లేశ్ 'అయ్యో, ఎవరో పోయినట్టున్నరు' అనుకున్నాడు. పలకరించి వద్దామని పర్దా సందులోంచి చూస్తే ఎదురుగా దానియేలు సారు! టెంటు చూసి సారు బండి ఆపి, చెప్పులు విడిచి, కుర్చీలో తల వంచుకుని కూర్చున్నాడు. ఇక బయటికి ఎట్లా రావడం? గుడ్డ కదిలితే గోడ బయటపడుతుంది.

మా దిక్కు శోకమంటే ఉత్త కన్నీళ్లు కాదు. పోయినవాడి మంచితనం, కోరికలు, సగంలో ఆగిన పనులు అన్నీ రాగం తీసి చెప్పాలి. అందులో ముత్తమ్మకు మంచి పేరుంది.

"కొడుకా ఎల్లేశా! పెండ్లాం మెడ నొస్తందని మిషన్ అర్ర కడ్తివి కొడుకా! సారు వద్దన్న జాగల గోడ లేపితివి కొడుకా! కప్పు ఎయ్యకముందే కన్నుమూస్తివి కొడుకా!"

తాను చనిపోయిన సంగతి ఎల్లేశ్‌కు అప్పుడు తెలిసింది. గోడ రట్టయిందని పర్దాను ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. అయినా ముత్తమ్మ అంత బాగా ఏడుస్తుంటే అతనికీ కళ్లనీళ్లు ఆగలేదు. దానియేలు సారు మాత్రం తల ఎత్తాడు.

"ఏ జాగల అవ్వా?"

ముత్తమ్మ జవాబు చెప్పేలోగా ఆటో వచ్చి ఆగింది. రుక్మిణి దిగీ దిగగానే ఎవరినీ చూడకుండా ఉరికొచ్చి పర్దా లాగేసింది. వెనక గోడ. గోడ పక్కన మోకాళ్లు ముడుచుకుని, కళ్లు తుడుచుకుంటూ మొగుడు.



"బతికే ఉన్నవా!" అంటూ రుక్మిణి చేతిసంచితో రెండు వేసింది. వెంటనే అతన్ని పట్టుకుని బోరుమంది. "తొవ్వ పొడుగునా సచ్చి బతికిన కదయ్యా! నువ్వు లేకుంటె నాకెవరున్నరు?"

"నీకు మెడ నొస్తందని గీ అర్ర..."

రుక్మిణి కళ్లు తుడుచుకుని గోడను అప్పుడు చూసింది. "ఇంట్ల వెల్తురు లేక సూది మీదికి వంగుతున్న, గందుకే మెడ నొస్తది. ఉన్న ఒక్క కిటికీకి గోడ అడ్డం పెడ్తివా?"

దానియేలు సారు చెప్పులు వేసుకుని దగ్గరికొచ్చాడు. "గోడ తియ్యాలె ఎల్లేశ్. గీ గాలి, వెల్తురు కోసమే గద జాగ ఇడువుమన్నది."

"మరి మిషన్ ఏసుకోని కూసుంటె సారూ?" అడిగింది రుక్మిణి.

"కట్టుడు వద్దన్న గని, కూసునుడు వద్దన్ననా అమ్మా?"

సిమెంటు ఇంకా సరిగ్గా పట్టలేదు. ఎల్లేశ్ తన చేతులతోనే ఇటుకలు ఊడదీశాడు. తర్వాత మిషన్ బయటికి మోసుకొచ్చి టెంటు నీడన పెట్టాడు. రుక్మిణి నిటారుగా కూర్చుని, ఒక్కసారికే సూదిలో దారం ఎక్కించింది.

"మెడ ఎట్లున్నది?" అన్నాడు పక్కన చేరి.

"నువ్వు బతికున్నవ్ గద, మంచిగనే ఉన్నది," అంది.

ఓదార్చడానికి వచ్చిన ఆడవాళ్లంతా, గొంతు బొంగురుపోయిన ముత్తమ్మతో సహా, పోతూ పోతూ జాకెట్ కొలతలిచ్చి పోయారు.