ఒక్క పన్ను తేడా

పొద్దున్నే టైమింగ్ బెల్టు మార్చేయాలి, మధ్యాహ్నానికి కారు కడిగి తుడవాలి, సాయంత్రం కూతుర్ని పన్నెండో తరగతి వీడ్కోలు విందు దగ్గర, స్కూల్లో దించాలి. ఆ శనివారం గార్త్ వేసుకున్న పథకం ఇంతే. ఆస్ట్రేలియాలోని ఆ టూవూంబా ఊళ్లో విందుకు పిల్ల ఏ గౌను తొడుక్కుందన్నది తర్వాతి సంగతి, ఏ బండిలో దిగిందన్నదే ముఖ్యం. ఆ బండ్లు చూడటానికి ఊరి జనం కుర్చీలు తెచ్చుకుని మరీ స్కూలు గేటు ముందు కూర్చుంటారు. టామ్సిన్ అయితే నాన్న కారులోనే దిగుతానని ఎనిమిదో తరగతి నుంచీ క్లాసంతా చాటుతోంది. ఆరు సిలిండర్లు, రెండు టర్బోలు. స్టార్ట్ చేస్తే వీధిలో కుక్కలన్నీ మంచాల కింద దూరతాయి.

"ఇవాళే విప్పాలా? రేపు విప్పితే కొంప మునుగుతుందా?" అంది భార్య డెల్లా.

"గేటు ముందు బెల్టు తెగిందంటే ఇంజనూ పోతుంది, పరువూ పోతుంది. నా పని నాకు నేర్పకు!"

అప్పటికే కోపంగా ఉన్నాడు. గార్త్‌కు కోపం రావడానికి కారణం అక్కర్లేదు, పోవడానికే కావాలి.

ఆ ఇంజను ముందు భాగాన పళ్లున్న చక్రాలు పైన రెండు, కింద ఒకటి ఉంటాయి. వాటి మీది గీతలు ఇంజను మీది గీతలతో కలిసేలా బెల్టు తొడగాలి. ఒక్క పన్ను అటూ ఇటూ అయినా వాల్వులు వెళ్లి పిస్టన్లకు కొట్టుకుంటాయి, ఇంజను పాత ఇనుము కింద లెక్క. గార్త్ గీతలు కలిపాడు, బెల్టు తొడిగాడు. తీరా బిగిద్దామంటే బోల్టుకు మర పోయింది. దాన్ని చేసినవాడి ఏడు తరాలనూ తిట్టుకుంటూ కొత్తది తేవడానికి పోయాడు.

తిరిగొచ్చేసరికి బావమరిది లైల్ షెడ్డులో బీరు తాగుతున్నాడు. అందులో వింతేమీ లేదు. ఆ ఊళ్లో షెడ్డు తలుపు తీసి ఉందంటే రమ్మన్నట్టే.

"బావా, బెల్టు పనా? ఎంతలో అయిపోతుంది!" అన్నాడు లైల్.

"నువ్వు తాగడం ఆపితే ఇంకా తొందరగా అవుతుంది."

కలిపింది తనే కదా, మళ్లీ చూడటం దేనికని గార్త్ బోల్టు బిగించి, పెద్ద పానాతో ఇంజనును చేత్తో తిప్పాడు. సగం తిరిగి టక్కున ఆగింది. వాల్వు పిస్టన్‌కు ఆనుకుంది. చూస్తే ఒక చక్రం పన్ను తప్పి ఉంది. తన కళ్లనే తిట్టుకున్నాడు. అంతా ఊడదీసి, గీతలు మళ్లీ కలిపి, కళ్లజోడు కోసం ఇంట్లోకి వెళ్లాడు.

వచ్చేసరికి మామగారు క్లెమ్ మాంసం కూరిన రొట్టె తింటూ కారు పక్కన నిలబడి ఉన్నాడు. కళ్లజోడు పెట్టుకుని చూస్తే ఆ చక్రం ఈసారి రెండు పళ్లు తప్పి ఉంది.

"కొత్త బెల్టే జారిపోతోంది. దొంగ సరుకు!" అని గార్త్ దుకాణం వాడికి ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టాడు. మళ్లీ గీతలు కలిపాడు. డెల్లా వచ్చి, తిండి తింటే గానీ నీ కోపం దిగదంటూ వంటింట్లోకి తరిమింది. నిలబడే నాలుగు ముద్దలు మింగి వచ్చాడు. మళ్లీ తప్పింది!

"ఎవడు ముట్టుకున్నాడు?" గార్త్ అరుపుకు షెడ్డు రేకులు అదిరాయి. "ఇప్పుడే చెప్పాలి!"

క్లెమ్ మూతి తుడుచుకున్నాడు. "నేనే సరిచేశానయ్యా, అల్లుడూ. గీత తప్పింది. చేసిన ఉపకారం చెప్పుకోవడం మన పద్ధతి కాదని ఊరుకున్నాను."

"నాన్నా, అంతకు ముందు నేను సరిచేశాను కదా!" అన్నాడు లైల్.

డెల్లా నేల చూపులు చూసింది. "నేను కూడా... పాపం, అలిసిపోయావు కదా అని..."

ముగ్గురూ బండి పక్కన నిలబడే చూశారు. పక్కనుంచి చూస్తే గీత ఒకటి రెండు పళ్లు తప్పినట్టే కనిపిస్తుంది. ఎదురుగా వంగి చూస్తేనే నిజం తెలుస్తుంది. వంగే ఓపిక ఆ వంశంలో ఎవరికీ లేదు.

"మీరు నాకు శత్రువులైనా బాగుండేది! శత్రువైతే చెప్పి చేస్తాడు!" గార్త్ పానాను నేలకేసి కొట్టాడు. అది ఎగిరొచ్చి అతని కాలికే తగిలింది.

అప్పుడే ఆకుపచ్చ గౌనులో టామ్సిన్ గుమ్మంలోకి వచ్చింది. "నాన్నా, బయల్దేరదామా?"

గార్త్‌కు కోపం దిగిపోయింది. దిగినచోట ఏడుపు చేరింది. మళ్లీ బిగించేంత వ్యవధి లేదు. నాలుగేళ్లుగా పిల్ల చెప్పుకున్న మాట తన షెడ్డులోనే మట్టిగొట్టుకుపోయింది.

"కదలదమ్మా," అన్నాడు.

టామ్సిన్ ఇంజను వంక చూసింది, ముగ్గురి మొహాలూ చూసింది. "కారు చక్రాలు తిరుగుతాయా? అయితే తోసుకుపోదాం. నేను మాత్రం ఇంకో బండి ఎక్కను."

గార్త్ స్టీరింగు పట్టుకున్నాడు. డెల్లా, లైల్, క్లెమ్ వెనక నుంచి తోశారు. "గట్టిగా తొయ్యండి! సాయం చేయాలని సరదా కదా, చేయండి!" అని దారి పొడుగునా అరుస్తూనే ఉన్నాడు.

స్కూలు ముందు పొగ. ఎవడో తండ్రి గొప్పకు పోయి, గేటు దగ్గర కారును నిలిపే చక్రాలు గిర్రున తిప్పి టైర్లు కాల్చాడు. దాంతో పోలీసు ఇన్‌స్పెక్టరమ్మ దారికి అడ్డంగా నిలబడి ఉంది. "ఇంజను చప్పుడు వినిపించిన బండి ఒక్కటి కూడా లోపలికి రాదు! పిల్లలు దిగి నడవండి!" ఆడపిల్లలు గౌన్లు మోకాళ్ల దాకా ఎత్తిపట్టుకుని, పళ్లు కొరుకుతూ నడుస్తున్నారు.

ఆ వరుస పక్కనుంచి గార్త్ కారు పిల్లిలా వచ్చింది. ఇన్‌స్పెక్టరమ్మ చప్పుడు లేని ఇంజను మూతను చేత్తో తట్టి చూసి, తనే గేటు తీసింది.

"చూసి నేర్చుకోండయ్యా! ఇంజను ఆపేసి, ఇంటిల్లిపాదీ తోసుకొచ్చారు. తండ్రంటే ఇలా ఉండాలి!"

కుర్చీల్లో జనం లేచి చప్పట్లు కొట్టారు. ఆ సాయంత్రం లోపలికి వెళ్లిన బండి అదొక్కటే. టామ్సిన్ రాణిలా దిగి, నాన్న బుగ్గ మీద గ్రీజు పక్కనే ముద్దు పెట్టింది. గార్త్ కళ్లు తుడుచుకున్నాడు.

"వెళ్లేటప్పుడు కూడా ఇలాగే చప్పుడు లేకుండా వెళ్తారు కదూ?" అంది ఇన్‌స్పెక్టరమ్మ.

వెనక ముగ్గురూ అప్పటికే నేల మీద చతికిలబడ్డారు. ఇంటికి దారంతా ఎత్తే.