ఆగకూడని అంబులెన్సు

ఒక పెద్ద అడవిలో రోగాలు చాలా ఉండేవి గానీ ఆసుపత్రి మాత్రం ఒక్కటే. దాన్ని కూడా కొండమీద కట్టారు, గాలి బాగుంటుందని. గాలి సంగతేమో గానీ, కొండెక్కగలిగినవాడికి రోగం లేదనీ, రోగం ఉన్నవాడు కొండెక్కలేడనీ తొందర్లోనే తేలిపోయింది. అందుకని అటవీ మండలి ఒక టర్బో అంబులెన్సు కొన్నది.

డ్రైవరు ముళ్ళపంది ముత్యాలు. నోరు తక్కువ, పని ఎక్కువ. కోపం వస్తే ముళ్ళు లేస్తాయి, సీటు కవరు చిరుగుతుందని ఆ కోపాన్ని కూడా మింగేసే రకం.

వారం తిరక్కుండానే ముత్యాలు బండి గుణం పట్టేశాడు. పరుగందుకుంటే దానికి ఎదురు లేదు. ఆగినచోటి నుంచి కదలాలంటే మాత్రం కాస్త నాన్చుతుంది.

"ఇంజను వదిలే పొగే లోపలున్న టర్బో అనే చిన్న ఫంకాని తిప్పాలి. ఆ ఫంకా గాలి ఊదితేనే ఇంజనుకి బలం. ఆగున్న బండికి అంత పొగెక్కడిది? ఒకటో గేరులో పెట్టి, కాలు మెల్లగా ఆనించి, రెండు అంకెలు లెక్కపెట్టుకో. అదే లేస్తుంది" అని అడిగినవాళ్ళందరికీ చెప్పేవాడు.

ఆ తర్వాత తీరిగ్గా జరిగిన ప్రారంభోత్సవానికి మండలి అధ్యక్షుడు ఉడుము ఉద్దండయ్యగారు వచ్చారు. పదహారేళ్ళుగా కుర్చీ వదలని మహానుభావుడు. అందరికీ కనపడాలని బండి పైకెక్కి నిలబడి జెండా ఊపారు.

"పోనీ!" అన్నారు.

ముత్యాలు కాలు ఆనించి "ఒకటి..." అనుకున్నాడు.

"పోనీ అంటే వినపడటంలా? తొక్కు!"

ఆ అరుపుకి బెదిరి ముత్యాలు ఉన్న బలమంతా పెట్టి తొక్కేశాడు. క్షణంపాటు బండి ఉలకలేదు, పలకలేదు. మరుక్షణం ఒక్క గెంతు గెంతింది. బండి కొండవైపు వెళ్ళింది, అధ్యక్షులవారు బురదలోకి వెళ్ళారు.

కోతులు మూడు రోజులు నవ్వాయి. నాలుగో రోజు కమిటీ వేశారు.

కమిటీ అంతా కలిపి ఒక్కడే, కొంగ పరాంకుశం. ఏడాదికి ఆర్నెల్లు పరదేశంలో ఉండి వస్తాడు గనక అడవిలో ఏ విషయానికైనా ఆయనే నిపుణుడు. ఒంటికాలి మీద నిలబడి ముత్యాలుని విచారించాడు.

"పరుగులో ఉన్నప్పుడు ఈ ఆలస్యం ఉంటుందా?"

"ఉండదు సార్. ఆగి బయల్దేరినప్పుడే."

"అయితే తప్పెక్కడుందంటావ్?"

"తప్పేం లేదు సార్. రెండు అంకెలు ఓపిక పడితే..."

"ఓపిక సాంకేతిక పరిష్కారం కాదయ్యా!" అని కొంగ కాలు మార్చాడు.

మూడు నెలలకి నివేదిక వచ్చింది. నూటపది పేజీలు. సారాంశం ఒక్క ముక్కే: ఆలస్యం ఆగడం వల్ల వస్తోంది గనక, బండి ఇకమీదట ఎక్కడా ఆగరాదు.

ముత్యాలు తల గోక్కున్నాడు. "మరి రోగులు ఎలా ఎక్కుతారు సార్?"

"నడిచే బండి ఎక్కడం వ్యాయామం. వ్యాయామం ఆరోగ్యానికి మంచిది."

ఉద్దండయ్యగారు దానికి ఇంకో వాక్యం చేర్చి సంతకం పెట్టారు. బండి ఆపిన డ్రైవరు ఆరోజే ఇంటికి. ముత్యాలుకి ఇంట్లో అయిదుగురు పిల్లలు. నోరు మూసుకుని స్టీరింగు పట్టుకున్నాడు.

బండి అడవి చుట్టూ, ఆసుపత్రి కొండ మీదుగా తిరుగుతూనే ఉంది. డీజిలు కూడా కోతులు పక్కన పరిగెత్తుతూ పోసేవి. కుందేళ్ళు ఎక్కాయి, లేళ్ళు ఎక్కాయి. చిరుతపులి వియ్యంకుడి ఇంటికి వెళ్ళడానికి రెండుసార్లు ఎక్కింది. ఏడాది తిరిగేసరికి లెక్క తేలింది. అంబులెన్సులో వచ్చినవాళ్ళలో ఒక్కరు కూడా చనిపోలేదు! ముచ్చటపడి పక్క అడవివాళ్ళు పతకం ప్రకటించారు.

ముసలి దుప్పి సూరమ్మ మాత్రం ఆ లెక్కలోకి రాలేదు. కాలికి ముల్లు దిగి చీము పట్టింది. మొదటిరోజు బండి వెంట నాలుగడుగులు పరిగెత్తి పడిపోయింది. రెండోరోజు "నాయనా, ఒక్క క్షణం ఆపు నాయనా" అని బతిమాలింది. మూడోరోజు దారి పక్కన పడుకుని ఊరికే చూసింది. ముత్యాలు అద్దం పక్కకి తిప్పేశాడు. తన బతుకు మీద తనకే అసహ్యం వేసింది.

మర్నాడే పతకం సభ. కొండ కింద వేదిక వేశారు. ఉద్దండయ్యగారు "మన అడవిలో ఆలస్యమన్న మాటే లేదు!" అంటూ బల్ల గుద్దారు. వేదిక కట్టిన గుత్తేదారు ఆయన బావమరిదే. ఆ ఒక్క గుద్దుకే వేదిక కుప్పకూలింది. అధ్యక్షులవారి వెనక కాలు విరిగింది.

అప్పుడే అంబులెన్సు వచ్చింది. వచ్చినట్టే వెళ్ళిపోసాగింది.

"పరిగెత్తండి సార్, ముందుకాళ్ళతో అందుకోండి!" అని కొంగ సలహా ఇచ్చాడు.

"ఆపరా ముత్యాలూ!" అని ఉద్దండయ్యగారు గావుకేక పెట్టారు.

"ఆపితే ఉద్యోగం పోతుంది సార్! సంతకం మీదే!" అని అరుస్తూ ముత్యాలు ముందుకెళ్ళాడు.

వెళ్ళాడే గానీ, ఎలాగూ ఈ చుట్టు తిరిగొచ్చి పెద్దాయన కోసం ఆపక తప్పదని అతనికీ తెలుసు. మలుపు తిరగ్గానే సూరమ్మ కనపడింది. ఈసారి తల కూడా ఎత్తలేదు.

'ఆయన కోసం ఆపితే మర్యాదా, ఈమె కోసం ఆపితే నేరమా?' అనుకున్నాడు ముత్యాలు. ఒంటిమీద ముళ్ళన్నీ ఒక్కసారి లేచి నిలబడ్డాయి. సీటు కవరు చిరిగితే చిరిగిందని బ్రేకు మీద కాలేశాడు.

సూరమ్మని ఎత్తి పడుకోబెట్టాడు. సభ దగ్గరికొచ్చి మళ్ళీ ఆపి, అధ్యక్షులవారిని ఆమె పక్కనే పడుకోబెట్టాడు.

ఎదురుగా నిట్టనిలువు కొండ.

"పోనీ! తొక్కు!" అన్నారు ఉద్దండయ్యగారు మూలుగుతూనే.

"రెండు లెక్కపెట్టండి సార్."

"అధ్యక్షుణ్ణి పట్టుకుని లెక్కపెట్టమంటావా!"

"ఆయనకి నొప్పిగా ఉన్నట్టుంది, నేను పెడతాలే నాయనా" అంది సూరమ్మ. "ఒకటి... రెండు..."

కుదుపు లేకుండా బండి లేచింది. ఎక్కడా తడబడకుండా కొండెక్కింది.

సూరమ్మ కాలు మానింది. ఉద్దండయ్యగారి కాలు అతికింది. కట్టు విప్పిన రోజే ఆయన తన కాళ్ళ మీద తాను నడుచుకుంటూ ఆఫీసుకొచ్చి, మొట్టమొదట పెట్టిన సంతకం ముత్యాలు సస్పెన్షన్ మీద. అనుమతి లేకుండా బండిని రెండుసార్లు ఆపడం ఒక నేరం. బయల్దేరినప్పుడల్లా రెండు అంకెలు లెక్కపెట్టి మొత్తం నాలుగంకెల జాప్యం చెయ్యడం మరో నేరం.

"నేను ఆపకపోతే మీరు ఇవాళ ఈ కుర్చీలో ఉండేవారు కాదు కదా సార్?" అన్నాడు ముత్యాలు.

"నేను బతికిన సంగతి వేరే ఫైలయ్యా," అన్నారు ఉద్దండయ్యగారు. "అది ఇంకా కదల్లేదు."

నీతి: పెద్దల ప్రాణం కాపాడదలచినవారు ముందుగా వారివద్దనే రాతపూర్వకంగా అనుమతి తీసుకోవలెను.