పళ్ళచక్రం కనబడుట లేదు

ఈ లోకంలో పోయిన వస్తువులు రెండే రకాలు: వెతికితే దొరికేవి, దరఖాస్తు పెడితే దొరకనివి. జనన ధ్రువపత్రాల కార్యాలయంలో మంగళవారం ఉదయం పోయింది రెండో రకం.

అందరూ ముద్రల అక్కయ్య అని పిలిచే గుమాస్తా తన పాత కంప్యూటర్ కీబోర్డు మీది దుమ్ము తుడుస్తుండగా ఏ మీటలు నొక్కుకున్నాయో గానీ, తెరమీది అక్షరాలు చీమ తలకాయలంత అయిపోయాయి. వాటిని పెద్దవి చేసే సెట్టింగ్స్ ఐకాన్, ఆ పళ్ళచక్రం బొమ్మ, మాయమైంది. ఆ చీమల్లోనే తడుముకుంటూ ఆమె ఒక దర్జీ కూతురి పత్రంలో ‘ఆడ’ బదులు ‘మగ’ అని కొట్టేసింది.

"ఆడపిల్లల బడి మేడమ్! శుక్రవారంతో ఆఖరు, ఉన్నది ఒక్కటే సీటు," అన్నాడు దర్జీ. దిద్దబోతే ఆ చీమల్లో దిద్దే గడి అక్కయ్యకు కనబడలేదు.

కంప్యూటర్ ఫిర్యాదులు సెట్టింగ్స్‌లోంచే పంపాలని నియమం. (సెట్టింగ్స్ పోయినవారికి మినహాయింపు ఉంది. అది సెట్టింగ్స్‌లో ఉంది.) ఆమె మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కి, కంప్యూటర్ల పర్యవేక్షకుడి దగ్గరికి వెళ్ళింది.

"పోయిందనడానికి రుజువేదమ్మా?"

అక్కయ్య కిందికొచ్చి, ఐకాన్ ఉండే చోటును ఫోటో తీసి, అచ్చువేసి పట్టుకెళ్ళింది. ఆయన దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

"ఇందులో ఏమీ లేదే?"

"అదేనండీ రుజువు!"

"ఏమీ లేనిదాన్ని ఫైల్లో ఎలా పెట్టమంటారు?"

ఆ ఖాళీ చుట్టూ ఎర్రసిరాతో సున్నా చుట్టి, ఆయన సంతకం పెట్టేసరికి బుధవారం గడిచింది. గురువారం ఆయనకు ఇంకో నియమం గుర్తొచ్చింది.

"పదేళ్లు దాటిన యంత్రాలకు వేరే ఫారమమ్మా. వయసు రుజువుకు జనన ధ్రువపత్రం జత చేయాలి."

"అవి ఇచ్చేది నేనే కదండీ."

"ఇంకేం, మీకు తిరిగే శ్రమ తప్పింది!"

అక్కయ్య కంప్యూటర్‌కు జనన ధ్రువపత్రం తయారుచేసింది. వయసు పదకొండేళ్లు. తండ్రి గడిలో దాన్ని కొన్న అధికారి పేరు వేసింది. (ఆయన ఉద్యోగ విరమణ చేశారు, అభ్యంతరం చెప్పలేదు.) తల్లి గడి ఖాళీగా వదిలితే ముందుకు కదల్లేదు, ‘మదర్‌బోర్డు’ అని కొట్టింది. ఆడా మగా అన్నచోట, చీమల్లో వేలికి ‘ఆడ’ తగిలింది.

శుక్రవారం పొద్దున్నే దర్జీ వచ్చాడు. తెర వంక చూసి నొచ్చుకున్నాడు.

"మా కొట్లోదీ దీని తోటిదే మేడమ్. ఖాళీ చోట మౌస్ కుడి మీట నొక్కి, ఐకాన్ల జాబితా తెరవండి. టిక్కు ఊడిపోయి ఉంటుంది."

ఊడిపోయే ఉంది. పెట్టగానే పళ్ళచక్రం బుద్ధిగా వచ్చి కూర్చుంది. అక్కయ్య అక్షరాలు పెద్దవి చేసి, ‘మగ’ను ‘ఆడ’గా దిద్ది, ముద్ర కొట్టిచ్చింది. మొత్తం రెండు నిమిషాలు. దర్జీ పరుగుతీశాడు.

మధ్యాహ్నానికి కాళ్ళీడ్చుకుంటూ తిరిగొచ్చాడు.

"సీటు నిన్ననే పోయిందట మేడమ్. బడికి తగ్గ వయసు ఆడపిల్ల ఎవరైనా కొత్తగా నమోదైతే సీటు దానంతటదే వెళ్ళిపోతుందట. ఎవరో పదకొండేళ్ల పిల్లట. తల్లి పేరే... ఎప్పుడూ వినలేదు."

అక్కయ్య తిరిగి తన కంప్యూటర్ వంక చూసింది. ఉన్న కాగితాలన్నీ చంకన పెట్టుకుని, దర్జీని వెంటబెట్టుకుని బడికి పరుగెత్తింది. ప్రధానోపాధ్యాయురాలు అంతా ఓపిగ్గా విని, హాజరు పట్టీ తెరిచింది.

"బంగారంలాంటి పిల్లండీ, ఈరోజు కూడా హాజరు పడింది. పేరు తీసేయాలంటే మాత్రం తల్లి వచ్చి సంతకం పెట్టాలి."