రిజర్వులో సీటు

"అంటే నన్ను అబద్ధం చెప్పమంటున్నవా అమ్మా?"

"అబద్ధమెందుకే? కాయితం మీద ఏమున్నదో గదే చెప్పు. గేమ్ అని ఉన్నది గద, గేమ్ అను. ఇగ ఊకో."

ఈ వాదన మొదలై నాలుగు రోజులైంది. శనివారం పొద్దున్న కూడా పుష్పమ్మ ఇడ్లీ రేకులకు నూనె రాస్తూ, నిషిత ఫోన్ పట్టుకుని వంటగదికీ వరండాకీ మధ్య తిరుగుతూ దాన్నే సాగదీస్తున్నారు. సంగారెడ్డిలో జువాలజీ డిగ్రీ ముగించిన నిషితకు నమీబియాలో ఆరు నెలల చదువుకు సీటొచ్చింది. అభయారణ్యంలో ఉండి చీతాల వెంట తిరగాలి. ఖర్చంతా అక్కడి సంస్థ వాళ్లదే. ఏడో తరగతి నుంచి ఆ పిల్ల కంటున్న కల అదొక్కటే. తండ్రి సంతకం చేసిన అంగీకార పత్రం ఈ మధ్యాహ్నం మూడున్నరలోగా వాళ్లకు చేరాలి. లేకపోతే సీటు ఇంకొకరిది.

"చీతా అన్నవనుకో, మీ డాడీ గా కాయితాన్ని చింపి పారేస్తడు. గల్లీల కుక్క మొరిగిందని నిన్ను ట్యూషన్ మాన్పిచ్చిన మనిషి."

పుష్పమ్మ వేసిన పథకం చిన్నదే. భర్త మల్లేష్ నైట్ డ్యూటీ నుంచి వస్తాడు, నిద్రమత్తులో సంతకం పెడతాడు, నిషిత జిరాక్స్ షాపులో స్కాన్ చేసి పంపేస్తుంది.

మల్లేష్ వచ్చాడు. షూ విప్పకుండానే కాగితం అందుకున్నాడు. కంపెనీలో బోర్డులు చదివి చదివి ఇంగ్లిష్ కూడబలుక్కోవడం అలవాటైంది.

"గేమ్... రిజర్వ్." అక్కడ ఆగిపోయాడు. నిద్రమత్తు వదిలిపోయింది. "రిజర్వా? నా బిడ్డను రిజర్వుల ఎందుకు ఏసిండ్రు?"

పటాన్‌చెరు కంపెనీ కబడ్డీ జట్టులో మల్లేష్ ఆరేళ్లు రిజర్వు ఆటగాడు. ఆరేళ్లూ జెర్సీ ఉతుక్కున్నాడు, అందరికీ నీళ్ల బాటిళ్లు అందించాడు, ఒక్కసారి కూడా గీత దాటి లోపలికి పోలేదు. కప్పు గెలిచిన రోజు తీసిన ఫోటోలో ఆయన మోచెయ్యి మాత్రం పడింది.

"డాడీ, రిజర్వ్ అంటే గది కాదు..."

పుష్పమ్మ కూతురి కాలు తొక్కింది.

"రిజర్వ్ అంటే ఏందో నాకు చెప్తున్నవా బిడ్డా? నాకంటే ఎక్కువ తెలిసినోడు గీ బీరంగూడల ఉన్నడా?" మల్లేష్ కాగితం మడిచి జేబులో పెట్టుకుని మెట్లు దిగాడు.

కింది పోర్షన్‌లో ఇంటి ఓనరు సూర్యారావు గారు ఉంటారు. పటాన్‌చెరు ప్లాంటులో ఉద్యోగానికని కాకినాడ నుంచి వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్నారు. రిటైరైనప్పటి నుంచి ఆయన చేత ఎవరూ ఉత్తరం రాయించుకోవడం లేదు.

"ఆఫ్రికాలో ఆటలకా! ఇన్నాళ్లూ చెప్పలేదేంటయ్యా మల్లేషూ? రిజర్వులో పడేశారా? నోరు మూసుకుని ఊరుకుంటే అంతే మరి. ఒక్క మెయిలు కొడదాం, దిగొస్తారు."

"జెర గట్టిగ రాయుండ్రి సార్. కానీ మర్యాదగ."

ఆయన రెండు విధాలుగానూ రాశారు. తమ అమ్మాయి నిషితకు రిజర్వులో చేరడం బొత్తిగా ఇష్టం లేదనీ, మెయిన్‌లో తీసుకుంటేనే పంపుతామనీ చక్కని ఇంగ్లిష్‌లో తండ్రి పేరు మీద పంపేశారు. ఆ ఊపులోనే కాలనీ వాట్సాప్ గ్రూపులో, 'మన మల్లేష్ కుమార్తె ఆఫ్రికా క్రీడలకు ఎంపిక' అని పెట్టారు. మల్లేష్ తృప్తిగా పైకొచ్చి పడుకున్నాడు. కాగితం ఆయన జేబులోనే ఉంది. నిషిత మంచం చుట్టూ తిరుగుతూ ఉండిపోయింది.

తొమ్మిది నుంచి తలుపు చప్పుళ్లు మొదలయ్యాయి. ఏ ఆట అని ఎదురింటావిడ అడిగితే పుష్పమ్మకు ఏమీ తోచక "ఉరుకుడు" అనేసింది. పదకొండుకు లక్డారం నుంచి మల్లేష్ తండ్రి ఎల్లయ్య బంతిపూల దండతో ఆటో దిగాడు. వెనకాల ఇంకో ఎనిమిది మంది.

"మనుమరాలు మస్తు ఉరుకుతదంట గద! జెర ఉరికి సూపియ్యి బిడ్డా. మనోళ్లు పని ఇడిసిపెట్టి వచ్చిండ్రు."

మెడలో దండ పడుతుండగానే నిషిత ఫోన్‌కు మెయిల్ వచ్చింది. రిజర్వులో చేరడం మీకు ఇష్టం లేదని మీ తండ్రిగారి లేఖ వల్ల తెలిసింది, విచారిస్తున్నాం, మీ సీటు తరువాతి విద్యార్థికి ఇస్తున్నాం అని దాని సారాంశం.

నిషిత దాన్ని రెండుసార్లు చదివింది. తరువాత మెట్ల మీదుగా సూర్యారావు గారింటికి ఒకటే పరుగు. లక్డారం వాళ్లు చప్పట్లు కొట్టారు.

పైకి వచ్చేసరికి ఆమె ముఖం ఎర్రబడింది. తండ్రిని లేపింది. "గది ఆట కాదు డాడీ. అడవి. చీతాలుండే అడవిని ఇంగ్లిష్‌ల గేమ్ రిజర్వ్ అంటరు. నాకిక సీటు లేదు."

"చీతా అంటే చిర్తపులా?" అని ఎల్లయ్య మెల్లగా అడిగాడు.

"దాని తమ్ముడసొంటిది తాతా."

నిషిత అక్కడి మేడమ్‌కు వీడియో కాల్ చేసింది. సీటు ఇంకా ఎవరికీ ఖాయం కాలేదనీ, వద్దన్న తండ్రే స్వయంగా సరే అంటే తిరిగి ఇస్తామనీ ఆమె చెప్పింది. నిషిత ఫోన్‌ను తండ్రి వైపు తిప్పింది. పుష్పమ్మ కళ్లు మూసుకుంది.

మల్లేష్ తెరను చాలాసేపు చూశాడు. ఖాకీ చొక్కా వేసుకున్న ఒక పెద్దావిడ, వెనుక ముళ్ల చెట్లు.

"ఆమెను ఒక్కటి అడుగు బిడ్డా. నువ్వు లోపట ఉంటవా, బయట కూసుంటవా?"

నిషిత అడిగింది. మేడమ్ ఆశ్చర్యపోయింది. "లోపలేనంట డాడీ. ఆరు నెలలు లోపలే. చీతాల పెంట ఏరి పరీక్ష చెయ్యాలంట."

"పెంట ఎత్తనీకె ఆఫ్రికా దాకనా!" అన్నాడు ఎల్లయ్య.

మల్లేష్ వినిపించుకోలేదు. "ఓకే మేడమ్," అన్నాడు. జేబులోంచి కాగితం తీసి గోడకు ఆనించి సంతకం పెట్టాడు.

"భయం లేదా డాడీ?"

"చీతా ఏం జేస్తది? మీదికొస్తే కరుస్తది. బెంచి మీదైతే కూసోబెట్టది గద."

అప్పుడు పుష్పమ్మ కళ్లు తెరిచి సంతకం చేసిన కాగితాన్ని లాక్కుంది. "పోనియ్య! లోపటనా? ఆరు నెలలా?"

"ఇన్ని దినాలు పిల్ల దిక్కు మాట్లాడింది నువ్వే గదనే!"

"నువ్వు ఒద్దంటవనుకున్న!"

ఆ మాట బయటికొచ్చాకే పుష్పమ్మకూ సంగతి తెలిసింది. మొగుడు ఎలాగూ ఒప్పుకోడన్న ధైర్యంతోనే తను ఇన్నాళ్లూ కూతురి పక్కన నిలబడింది. ఇప్పుడు అడ్డం పడేవాడు లేకుండా పోయాడు.

కాగితంతో వంటగదిలోకి పోయి తలుపు వేసుకుంది. ఎల్లయ్య తప్ప లక్డారం వాళ్లంతా అంతకుముందే వడ్డించిన ఇడ్లీలు తిని వెళ్లిపోయారు. ఒంటిగంటైంది, రెండైంది. నిషిత వరండాలో ఆ చివర నుంచి ఈ చివరకు నడుస్తూనే ఉంది. తలుపు మాత్రం కొట్టలేదు.

రెండున్నరకు తలుపు తెరుచుకుంది. పుష్పమ్మ అందరికీ కంచాలు పెట్టింది. కూతురి కంచంలో మాత్రం అన్నానికి బదులు కాగితం ఉంది.

"ముందుగాల గిది పంపి రా, తర్వాత తిను," అంది. మామకు పప్పు వడ్డిస్తూ, ఎవరి ముఖమూ చూడకుండా, మెల్లగా చెప్పింది. "పిల్ల పోతది. నేను గూడ ఒప్పుకున్న. కానీ పొద్దుగాల ఒక్కసారి, మాపటికి ఒక్కసారి వీడియో కాల్ జెయ్యాలె. ఆ టైముల చీతాలు గీతాలు దగ్గరికి రావొద్దు."

ఆ సంగతి చీతాలకు చెప్పే పూచీ తనదని నిషిత మాట ఇచ్చింది.