నరం కాదే, కండరం!

నవ్వబోమని ముందు ఒట్టు పెట్టండి, అప్పుడు చెబుతాను. పెట్టినా నవ్వుతారని నాకు తెలుసు. నా బతుకు చూసి నవ్వనివాడు ఆలేరులో ఇంకా పుట్టలేదు.

పేరు గాలయ్య. ఆ పేరు పెట్టిన మా బాపుకు ముందుచూపు ఎక్కువ. గట్టిగా ఈదర గాలి వస్తే గొడుగే నన్ను పట్టుకోవాలి, నేను గొడుగును పట్టుకోలేను. బళ్ళో సైన్సు చెబుతాను. ఆరేళ్ళుగా తాత్కాలిక పంతులునే. ఎండాకాలం తీసేస్తారేమోనని ఏడవడం, వానాకాలం ఉంచాలని మొక్కడం, ఇదే నా అసలు ఉద్యోగం. నా భార్య యాదలక్ష్మి మాత్రం కాలు పెట్టిన నాటినుంచే ఇంట్లో ఖాయం. ఆమెను బదిలీ చేసే అధికారి ఏ కచేరీలోనూ లేడు.

యాభై తొమ్మిదో సంవత్సరం మాట. మాఘం వెళ్ళీవెళ్ళకముందే నా బావమరిది బీరన్న బావి ఎండిపోయింది. వాడి ఊరు మాకు కోసెడు దూరం. ఒకనాడు వచ్చి గడప మీద కూర్చున్నాడు.

“బావా, బావిల పూడిక తీయాలె. ఎనిమిది దినాల పని. నేను కిందికి దిగి తట్ట నింపుత. పైన గిరక కాడ తాడు గుంజెతందుకు ఒక మనిషి గావాలె.”

“ఎవరినన్నా కూలికి పెట్టుకోరాదు?”

“పైసలుంటే నీ దగ్గరికెందుకొస్త బావా? నీకు ఒంటిపూట బడేనట గద. పగటీలి సంది ఖాళీ అని అక్క చెప్పింది.”

అక్క వంటింట్లోంచి తొంగి చూసి, “వస్తడు తియ్, సోమారం నుంచి వస్తడు,” అంది. నన్ను అడిగింది ఎవరు? ఇంట్లో ఎద్దును అడిగి కాడి కడతారా?

సరిగ్గా ఆ వారమే నేను క్లాసులో కండరాల పాఠం చెప్పాలి. నేను చదివింది ఉర్దూలో, అక్కడ వాటి పేరు అజ్లాత్. కొత్త తెలుగు పుస్తకంలో కండరములు. మా ఊళ్ళో మాత్రం మెడ నుంచి మడమ దాకా ఏది నొచ్చినా నరమే. అందుకని పుస్తకం ఇంటికి తెచ్చుకుని చదువుతున్నాను. ఎముకలకు అతుక్కున్న కండరాలు మన మాట వింటాయట. ఒక్కో కండరం వేల సన్నని పోగుల కట్ట అట. దానికి దగ్గరికి గుంజడమే తెలుసు, నూకడం తెలియదట. అందుకే జతగా ఉంటాయి. ఒకటి గుంజితే మోచెయ్యి ముడుచుకుంటుంది, వెనకది గుంజితే చాచుకుంటుంది. ఒకటి బిగిసినప్పుడు రెండోది సడలాలి.

అక్కడ నా బుర్రలో దీపం వెలిగింది. ఎముక విరిగితే తెలిసిపోతుంది. జ్వరమంటే ఒళ్ళు ముట్టుకుని చూస్తారు. కండరం చెడితే బయటికి ఏం కనిపిస్తుంది? ఇంత మంచి రోగం ఇన్నాళ్ళూ నాకు ఎందుకు తట్టలేదా అనుకున్నాను. ఆ సంబరంలో పాఠం చివరి పేజీ చదవలేదు. అదే నా కొంప ముంచింది.

ఆదివారం పొద్దున నీళ్ళ బిందె ఎత్తబోయి, “అమ్మా!” అని కూలబడ్డాను.

“ఏమాయె?”

“చెయ్యి వంగిన కాడే ఉండిపోయిందే. చాపరావడం లేదు.”

“నరం పట్టింది.”

“నరం కాదే, కండరం!”

“ఏదైతేంది, పట్టింది గద. జర ఉప్పు కాపడం పెడత.”

ఆ రోజంతా చెయ్యి మడిచి కాపాడుకున్నాను. సోమవారం లేచేసరికి చెయ్యి ఎట్లా పెట్టానో మరిచిపోయాను. చెయ్యి బారుగా చాపి, “ఇంకా వంగడం లేదే,” అని మూలిగాను.

యాదలక్ష్మి నా వంక చూసింది. “నిన్న చాపరాలేదంటివి. ఇయ్యాల వంగరాదంటున్నవ్.”

“అంటే… నిన్న ముందుది చెడింది. ఇప్పుడు వెనకది చెడింది. అవి జత కదా.”

“ఔనా? నీకు తెల్వకుంట అవే మాట్లాడుకుంటున్నయా? ఉండు, మారయ్యను పిలుస్త.”

మారయ్య ఆ చుట్టుపక్కల విరిగిన కాళ్ళకూ చేతులకూ కట్లు కట్టేవాడు. మనుషులకూ గొర్లకూ ఒకటే కట్టు, ఒకటే మాట. యాదలక్ష్మి వాడితో వాకిట్లో ఏదో గుసగుసలాడి లోపలికి తెచ్చింది. వాడు నా భుజం మీద మోకాలు మోపి ఒక గుంజు గుంజాడు. అప్పటిదాకా అబద్ధంగా అరిచిన నేను నిజంగా అరిచాను.

“నరం మీద నరమెక్కింది పంతులూ.”

“నరం కాదయ్యా, కం…” మాట పూర్తి కాకముందే ఇంకో గుంజు గుంజాడు. నరమేనని ఒప్పుకున్నాను.

కోడిగుడ్డు సొనలో మినప్పిండి కలిపి పట్టు వేశాడు. వెదురు బద్దలు పెట్టి భుజం నుంచి మణికట్టు దాకా బిగించాడు. చెయ్యి బారుగా, పక్కకు ఏటవాలుగా చాచినట్టు నిలబడింది.

“ఎన్ని రోజులు?” అన్నాను నీరసంగా. నా లెక్కలో ఎనిమిది రోజులు చాలు.

“నలభై.”

“నలభయ్యా!”

“నడుమల ఇప్పితే చెయ్యి పడిపోతది. నాకు తెల్వదు,” అని చెప్పి గుడ్లు మిగిలాయా అని చూసుకుని వెళ్ళాడు.

ఆ నలభై రోజులు నేను పడిన పాట్లు పగవాడికి వద్దు. తలుపులోంచి అడ్డంగా దూరాలి. ఎడమ చేత్తో బోర్డు మీద రాస్తే కోళ్ళు కెలికినట్టుండేది. ఇన్‌స్పెక్టరు వస్తే చూసి ఏమంటాడోనని పాఠం అయిపోగానే తుడిచేసేవాడిని. సంతకు పోతే జనం నా చెయ్యి చూపించిన వైపు చూసి, “ఏముందయ్యా గక్కడ?” అని అడిగేవారు. మా స్టేషన్‌లో ఉన్న సిగ్నళ్ళు చాలవని రైల్వేవాళ్ళు నన్ను పెట్టుకున్నారని ఊళ్ళో చెప్పుకున్నారట. కట్టు లోపల చీమ కుట్టినా గోక్కోలేను. అన్నం ఎడమ చేత్తో తినలేక యాదలక్ష్మి కలిపి పెడితే తినేవాడిని. పూడిక తీసిన ఆ ఎనిమిది రోజులూ ఆమె నాకు ముద్దలు పెట్టి, మధ్యాహ్నం తమ్ముడికి సద్ది పట్టుకుని పోయి, పొద్దుగూకినాక వచ్చేది. వచ్చీ రాగానే పడుకునేది. తమ్ముడి మీద మమకారం అనుకుని నేను హాయిగా ఉన్నాను.

ముప్పయ్యో రోజున కచేరీ నుంచి కాగితం వచ్చింది. తాత్కాలిక పంతుళ్ళలో కొందరిని ఖాయం చేస్తారట. నా పేరు ఉంది! కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కింద ఇంకో వాక్యం ఉంది. రెండు చేతులూ రెండు కాళ్ళూ బాగున్నాయని సర్కారు డాక్టరు సంతకం చేసిన పత్రం వైశాఖంలోగా ఇవ్వాలి. ఇవ్వనివాళ్ళ పేరు కొట్టేస్తారు.

“లక్ష్మీ, కట్టు విప్పవే!”

“ఇంక పది దినాలున్నది. చెయ్యి పడిపోతదన్నడు గద మారయ్య.”

“నౌకరీ పడిపోతుందే!”

“చెయ్యి లేకుంటే నౌకరెట్ల జేస్తవ్?” అని వెళ్ళిపోయింది. అసలు చేతికి ఏమీ కాలేదని చెబుదామా అని నోరు తెరిచాను. చెప్పే ధైర్యం లేక మూసుకున్నాను. ఆరేళ్ళు ఎదురుచూసిన ఉద్యోగం గుమ్మం దాకా వస్తే, దాన్ని లోపలికి పిలవడానికి నాకు చెయ్యి లేదు.

నలభయ్యో రోజున మారయ్య వచ్చి కట్టు విప్పాడు. లోపల్నుంచి వచ్చింది నా చెయ్యి కాదు. తొక్క తీసిన మునక్కాడలా ఉంది. మోచెయ్యి వంచమంటే వంగదు. వంచితే చాచుకోదు. అబద్ధమాడిన రోగం రెండు వైపులా నిజమై కూర్చుంది. అప్పుడు పుస్తకం తీసి ఆ చివరి పేజీ చదివాను. వాడని కండరాల పోగులు సన్నబడి ఎండిపోవునట. చదివి నేలమీద కూర్చుని ఏడ్చాను. నిజంగానే ఏడ్చాను, ఇందులో దాచేదేముంది?

మర్నాడు యాదలక్ష్మి నన్ను భువనగిరి దవాఖానకు తీసుకుపోయింది. డాక్టరుగారు హైదరాబాదు మనిషి. కొలతపట్టీతో రెండు చేతులూ కొలిచాడు. కుడిది ఎడమదానికంటే అంగుళమున్నర తక్కువ. నీళ్ళ చెంబు ఎత్తమన్నాడు. ఎత్తాను. చెంబు ఆయన బూట్ల మీద ఒలికింది.

“క్యా మాస్టర్ సాబ్, అజ్లాత్ సూఖ్ గయే! పూరా ఎండిపోయినయ్. మొదలు ఏమైంది?”

“కండరం తెగింది సాబ్.”

“తెగితే వాస్తది, నల్లగ కములుతది. గట్లేమన్న అయిందా?”

నేను గోడ మీద బల్లిని చూస్తున్నాను. జవాబు యాదలక్ష్మి చెప్పింది. “ఏం గాలేదు దొరా.”

“మరి నలభై రోజులు కట్టెందుకు?”

“మా తమ్ముని బావిల పూడిక ఉండె దొరా,” అంది ఆమె నెమ్మదిగా.

డాక్టరు నన్ను చూశాడు. ఆమెను చూశాడు. కలం మూత పెట్టేశాడు. “నేనిప్పుడు సంతకం జెయ్య. ఇర్వై దినాల తర్వాత రాండ్రి. చేతికి పని చెప్పాలె. ఎంత పని చేస్తే అంత వస్తది.”

“పని సంగతి నాకు ఇడిసిపెట్టుండ్రి,” అంది యాదలక్ష్మి.

బయట చింతచెట్టు నీడలో కూర్చున్నాం. అప్పుడు అడిగాను. “నీకెప్పటి నుంచి తెలుసు?”

“బిందె కాడ కూలబడ్డ ఆ ఐతారమే. పగటీలి పండుకొని అదే చేతితోని వీపు గోక్కుంటివి.”

“మరి కట్టు ఎందుకు కట్టించావే?”

ఆమె రెండు అరచేతులూ నా ముందు చాపింది. వేళ్ళ మొదళ్ళలో బొబ్బలు పగిలి ఎండిన మచ్చలు. “సద్ది ఇయ్యనే పోయిననుకున్నవా? నువ్వొస్తవని మా తమ్ముడు ఇంకోన్ని అడగలె. కింద వాడు, పైన నేను. ఎనిమిది దినాలు గిరక తాడు గుంజిన. నా తమ్ముడు ‘బావ ఏడి’ అంటే నరం పట్టిందన్న. నిన్ను మందిల తక్కువ జేయబుద్ధి గాలె. కోపమొచ్చింది, గందుకే కట్టించిన. నౌకరీ కాయితం వస్తదని నాకేం ఎరుక?”

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. నరం కాదు కండరం అని సరిదిద్దే నోరు అప్పుడు రాలేదు. “తప్పయిందే,” అన్నాను. ఆరేళ్ళ కాపురంలో ఆ మాట అనడం అదే మొదటిసారి. ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుని, “లే, బస్సొస్తది. ఇర్వై దినాలే ఉన్నది,” అంది.

ఇంటికి వచ్చాక ఇసుర్రాయి ముందు కూర్చోబెట్టింది. గుప్పెడు జొన్నలు పోసి, “ఇసురు,” అంది. మొదటి రోజు నేను రాయిని తిప్పానో, రాయి నన్ను తిప్పిందో తెలియదు. నాలుగో రోజుకు మా ఇంటి జొన్నలు అయిపోయాయి. పక్కింటి సాలమ్మ గంప పట్టుకొచ్చింది. “పంతులు ఇసురుతుండట గద, జర మావి గూడ,” అంది. వారం తిరిగేసరికి వాకిట్లో గంపల వరస. బళ్ళో నాకు దొరకని మర్యాద ఇసుర్రాయి దగ్గర దొరికింది. సాలమ్మ పిండి వేళ్ళతో నలిపి చూసి, “జర దొడ్డుగున్నది సారూ, ఇంకోపారి,” అనేది. యాదలక్ష్మి రోజూ నూలు దారంతో నా చెయ్యి కొలిచి, దారానికి ముడి వేసేది. ముడి జరిగిన రోజు నెయ్యి, జరగని రోజు ఇంకో గంప.

ఇరవయ్యో రోజున డాక్టరు మళ్ళీ కొలిచాడు. చెంబు ఎత్తమన్నాడు, ఎత్తాను. బకెట్ ఎత్తమన్నాడు, ఎత్తాను. కుర్చీతో సహా ఆయన్ను ఎత్తమంటే కూడా ఎత్తేవాణ్ణి, ఆ సంతకం కోసం. “షాబాష్!” అని పత్రం మీద సంతకం గీశాడు. నా ఉద్యోగం ఖాయమైంది. కాగితం గుండెలకు హత్తుకున్నాను.

“ఏం మందిచ్చినవమ్మా?” అని ఆయన యాదలక్ష్మిని అడిగాడు.

“జొన్నలు దొరా.”

“బహుత్ అచ్ఛా. గదే మందు. ఆపితే మళ్ళ ఎండిపోతది, యాదుంచుకోండ్రి.”

కాగితం మడుస్తున్న నేను తలెత్తాను. “ఎన్నాళ్ళు ఇసరాలి సాబ్?”

“నౌకరీ ఎన్నాళ్ళు?”

“ఇప్పుడు ఖాయం కదా సాబ్. పింఛను దాకా.”

“అయితే గిది గూడ పింఛను దాకనే,” అని ఆయన తర్వాతి రోగిని పిలిచాడు.

నాకప్పుడు ముప్పై ఒకటి. పింఛనుకు ఇరవై నాలుగేళ్ళు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఇరవై నాలుగేళ్ళ జొన్నలు ఎన్ని గంపలవుతాయోనని తలుచుకుంటే కళ్ళు తిరిగాయి. యాదలక్ష్మి నా రెండు చేతులూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది. ఆమె మొహంలో ఎంత జాలి కనిపించిందని! ఇంక చాలు, మానెయ్యమంటుందనే అనుకున్నాను.

“కుడిది మస్తుగైంది,” అంది. “పాపం, ఎడమది సన్నగ కనవడుతున్నది. రేపటి సంది దానికి రోకలిస్త.”