తొట్టి పూడ్చి కట్టిన హాలు

మా ఊరి మురుగునీటి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో వైరస్‌లు లేవని ఇందుమూలంగా తెలియజేయడమైనది. వెతకలేదు కనుక దొరకలేదు. బ్యాక్టీరియాను లెక్కపెట్టమని నిబంధనల్లో ఉంది, వైరస్‌ల ప్రస్తావన లేదు. ప్రస్తావన లేనివాటి జోలికి మా సూపరింటెండెంటుగారు పోరు.

బ్యాక్టీరియా పాపం మర్యాదస్తులు. క్లోరిన్ తగలగానే చాలావరకు ప్రాణాలు వదిలేస్తాయి. వైరస్‌లు మొండిఘటాలు, మురికి నలుసుల చాటున నక్కి కూర్చుంటాయి. వాటి పని పట్టాలంటే క్లోరిన్ కలిపిన నీళ్లు పెద్ద తొట్టిలో చాలాసేపు నిలవాలి. కేంద్రం కట్టినవాళ్లు అలాంటి తొట్టే కట్టారు.

ఆ మధ్య పనితీరు మదింపు సంఘం తనిఖీకి వచ్చింది.

"ఈ నీళ్లు ఏం చేస్తున్నాయి?"

"నిలబడి ఉన్నాయండీ" అన్నారు సూపరింటెండెంటుగారు.

ప్రభుత్వ స్థలంలో పనీపాటా లేకుండా నిలబడడం సంఘానికి నచ్చలేదు. ముప్పాతిక తొట్టి పూడ్పించి, దానిమీద ఫంక్షన్ హాలు కట్టించింది. అద్దె కారుచౌక. ఊరు ఎగబడింది.

నీళ్లు మాత్రం చకచకా శుద్ధి అయిపోయి పార్కులో ఫౌంటెన్‌కు చేరసాగాయి. దాని కింద ఊళ్లో పిల్లలందరూ తడిశారు, మా పాపా తడిసింది. వాంతులు, విరేచనాలతో మంచానికి అతుక్కుపోయింది. నాలుగేళ్ల పిల్ల కళ్లు లోతుకుపోయి "నాన్నా, నీళ్లు" అంటూనే ఉంది. వీధిలో ఏ ఇంట చూసినా ఇదే అవస్థ. ఇది ఫౌంటెన్ నీళ్ల వైరసేననీ, తొట్టి మళ్లీ తవ్వితే తప్ప వదలదనీ డాక్టరుగారు తేల్చి చెప్పారు.

"ఇవాళ వాళ్ల సంగతేదో తేల్చుకునే వస్తాను" అని మా ఆవిడతో చెప్పి పౌరసభకు బయల్దేరాను. సభ ఆ హాల్లోనే పెట్టారు. అంత విశాలమైనది ఊళ్లో మరొకటి లేదు.

సూపరింటెండెంటుగారు మైకు అందుకున్నారు. "పౌరులారా, వైరస్‌లంటే నాకూ గిట్టదు. మీరు ఊఁ అనండి, రేపే ఈ హాలు పడగొట్టి తొట్టి తవ్విస్తాను."

హాలు చప్పట్లతో దద్దరిల్లింది. అందరికన్నా గట్టిగా కొట్టింది నేనే.

"అయితే ఎవరి శుభకార్యాన్నీ చెడగొట్టడం నా అభిమతం కాదు. ముందు ముందు ఈ హాలు బుక్ చేసుకున్నవాళ్లు ఒక్కసారి చేతులెత్తండి."

చప్పట్లు ఆగిపోయాయి. ఒక్కొక్క చెయ్యే లేచింది. డాక్టరుగారిదీ లేచింది. మా మరదలి పెళ్లి గుర్తొచ్చి నాదీ లేచింది.

తీర్మానం ఏకగ్రీవం. వైరస్‌లను సభ తీవ్రంగా ఖండించింది. తొట్టి అత్యవసరమని గుర్తించింది. బుకింగులన్నీ పూర్తయ్యాక తవ్వాలని నిర్ణయించింది. బయటికొస్తూ, వచ్చే ఏడాదికి ఖాళీలున్నాయా అని ఇద్దరు ముగ్గురు వాకబు చేశారు.

"ఏం తేల్చుకొచ్చారు?" అంది మా ఆవిడ.

"హాలుకేం ఢోకా లేదు."

"బతికించారు. చెల్లి పెళ్లికి ఇప్పుడు ఇంకో హాలు ఎక్కడ వెతుక్కుంటామోనని హడలిపోయానండీ" అంది, పాప నుదుటి మీద తడిగుడ్డ మారుస్తూ.

పాప మళ్లీ నీళ్లడిగింది. కాచి, చల్లార్చి, వడగట్టి ఇచ్చాం. పిల్లల ఆరోగ్యం విషయంలో మాకు ఎవరూ వంక పెట్టలేరు.