గజఈతగాడి వేడినీళ్ళు

మా పెరట్లో ఈతకొలను కట్టించింది నేనే. అందులో దిగకుండా ఉండటానికి నాలుగు నెలల పాటు నానా తంటాలూ పడింది కూడా నేనే. ఒక్క మనిషే ఈ రెండు పనులూ ఎందుకు చేశాడో తెలియాలంటే మా ఆవిడ మోకాళ్ళ దగ్గర మొదలుపెట్టాలి.

మా ఆవిడ ఎలీసమ్మ హైస్కూల్లో లెక్కల టీచరు. ఇరవై ఏడేళ్ళుగా నల్లబల్ల ముందు నిలబడి నిలబడి మోకాళ్ళు అరగదీసుకుంది. గుంటూరు డాక్టరు ఎక్స్‌రే చూసి, "గోరువెచ్చటి నీళ్ళలో, గుండెల లోతున నిలబడి రోజూ అరగంట నడవాలమ్మా. ఆపరేషన్ సంగతి తర్వాత చూద్దాం" అన్నాడు.

గుండెల లోతు గోరువెచ్చటి నీళ్ళు మా మార్టూరులో ఎక్కడ దొరుకుతాయి? నాకు గ్రానైటు పాలిషింగ్ యూనిట్ ఉంది. అమ్ముడుపోని పలకలు దాని వెనక గుట్టగా పడి ఉన్నాయి. ఇంటి వెనక స్థలం ఉంది. "నీకు కొలను కట్టిస్తాను" అన్నాను. ఆ మాట అన్నప్పుడు ఆమె మోకాళ్ళ గురించి తప్ప ఇంకేమీ ఆలోచించలేదు. నా గురించి కూడా కొంచెం ఆలోచించి ఉండాల్సింది.

ఎందుకంటే నాకు ఈత రాదు.

రాదని ఎవరికీ తెలియదు. మా అత్తవారిది చీరాల. పెళ్ళిచూపుల్లో మామగారు, "అబ్బాయికి ఈత వచ్చా?" అని అడిగారు. సముద్రం పక్కన ఉండేవాళ్ళు అలాంటివే అడుగుతారు. వచ్చన్నాను. చిన్నప్పుడు పంటకాలువ దాటానన్నాను. పదేళ్ళు గడిచేసరికి ఆ పంటకాలువ సాగర్ కాలువ అయింది. మా బావమరిది సాల్మన్ పెళ్ళిలో, భోజనాల దగ్గర, అది కృష్ణా నది అయింది. అది కూడా వరదలో ఉన్న కృష్ణ. అప్పటి నుంచి చీరాల చుట్టాలందరికీ నేను నతానియేలును కాను, గజఈత బావను.

కొలను పని పూర్తవుతోందనగా సాల్మన్ ఫోన్ చేశాడు.

"బావా, నువ్వే దూకి ప్రారంభించాలి. మేమంతా వస్తున్నాం. వీడియో తీస్తాం."

ఆ రోజు నుంచి నాకు గ్లాసులో నీళ్ళు చూసినా గుండె దడదడలాడేది.

అప్పుడే ఉపాయం తట్టింది. వేడినీళ్ళ మిషను ఇంకా కొనలేదు కదా. అది కొనేదాకా దిగడం ఉండదు. కొనడానికి ఒక్క రోజు చాలు. ఎంచుకోవడానికి మాత్రం ఎన్నాళ్ళయినా పట్టవచ్చు.

ఈతకొలనుల సామాను అమ్మే గౌస్ బాషా గారిని గుంటూరు నుంచి పిలిపించాను. చాలా మర్యాదస్తుడు. కేటలాగులు బల్ల మీద పరిచి మొదలుపెట్టాడు.

"సోలార్ పెట్టించుకోండి సార్. ఎండతోనే నీళ్ళు వేడెక్కుతాయి. మనకు ఎండకేం కొదవ?"

"మబ్బు పడితే?"

"అయితే హీట్ పంప్ తీసుకోండి. బయటి గాలిలో వేడిని లాగి నీళ్ళకిస్తుంది. ఏసీని తిరగేసి పెట్టినట్టు."

"జనవరి దాటితే ఇక్కడ కల్లాల నిండా మిరపకాయలు ఎండబోస్తారు. గాలిలో వేడితో పాటు ఆ ఘాటు కూడా లాగి నీళ్ళకిస్తే?"

బాషా పెన్ను కింద పెట్టాడు. "ఇరవై ఏళ్ళ సర్వీసులో ఈ డౌటు నన్నెవరూ అడగలేదు సార్."

"అడగాల్సిన డౌటే కదా. కనుక్కుని చెప్పండి."

పాపం, కనుక్కోవడానికి ఆయనకు రెండు వారాలు పట్టింది. ఘాటు రాదని చెప్పడానికి వస్తే ఆటోమేషన్ సంగతి ఎత్తాను. నీళ్ళ వేడి, మోటారు, లైట్లు, క్లోరిన్ మందు, అన్నీ ఫోన్లో నుంచే నడపవచ్చన్నాడు. కరెంటు పోతే అన్నాను. నెట్ పోతే అన్నాను. ఫోనే నీళ్ళలో పడితే అన్నాను. ఒక్కో ప్రశ్నకు వారం చొప్పున గడిచింది.

వీధిలో కూడా వార్త పాకింది. పక్కింటి సుబ్బరావమ్మగారు గోడ మీదుగా పలకరించింది.

"ఆటో ఏదో కొంటున్నారంట గదా అన్నయ్యగారూ. ఏ రూట్లో తిప్పుతారు?"

"ఆటో కాదమ్మా, ఆటోమేషన్."

"ఏదైతేనేం, చర్చి దాకా మమ్మల్ని కూడా ఎక్కించుకోండి."

ఎలీసమ్మ మాత్రం అంత తేలిగ్గా వదల్లేదు.

"ఏమండీ, సోలారా, పంపా? ఏదో ఒకటి తేల్చండి."

"తొందరపడకూడదు ఎలీసమ్మా. జీవితంలో ఒక్కసారి కొనే వస్తువు."

"నన్ను చూడటానికొచ్చినప్పుడు పావుగంటలో సరేనన్నారు."

"అప్పుడు కేటలాగు ఒక్కటే ఉంది."

ఆ పూట నా కంచంలోకి కూర రాలేదు.

జనవరి ఆఖర్లో ఒక సాయంత్రం ఆమెను తీసుకురావడానికి స్కూలుకు వెళ్ళాను. వరండాకు ఐదే మెట్లు. ఎలీసమ్మ గోడ పట్టుకుని, పక్కకు తిరిగి, ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ ఆనించి, ఆగి, ఊపిరి తీసుకుని దిగుతోంది. మూడో మెట్టు మీద నన్ను చూసింది. గోడ మీద చెయ్యి తీసేసి, నడుం నిటారుగా పెట్టి, మిగిలిన రెండు మెట్లూ మామూలు మనిషిలా దిగేసింది.

"ఎంతసేపయింది వచ్చి?" అని నవ్వింది.

కారు తలుపు తీసి పట్టుకున్నాను. ఆమె కారులో కూర్చున్నాక బయటే నిలబడి బాషాకు ఫోన్ చేశాను.

"హీట్ పంప్. ఫోన్‌తో నడిచేది. రేపే వచ్చి పెట్టండి."

"మరి నెట్ పోతే అన్న డౌటు సార్?"

"నెట్ పోతే ఊదుకుంటూ నేనే వేడి చేస్తాను. ముందు మీరు రండి."

వచ్చాడు, పెట్టాడు. డాక్టరు చెప్పిన ముప్పై మూడు డిగ్రీలకు నీళ్ళు రెండు రోజుల్లో చేరాయి. ఆ మాట ఎలా పాకిందో గాని సాల్మన్ మళ్ళీ ఫోన్ చేశాడు. ఆదివారం ఆరాధన అయిపోగానే చీరాల నుంచి రెండు కార్లలో బయలుదేరతారట.

మోకాళ్ళ సమస్య తీరింది. నా సమస్య ఆదివారం మధ్యాహ్నానికి ముహూర్తం పెట్టుకుంది.

బాషా నా ఫోన్లో యాప్ పెట్టి వెళ్ళాడు. అందులో నలభై డిగ్రీల దాకా పెంచవచ్చు. శుక్రవారం పదకొండింటికి యూనిట్లో కూర్చుని నలభై నొక్కాను. ఆ వేడికి ఎవరూ దిగలేరు. మిషను చెడిందంటాను, భోజనాలు పెట్టి పంపేస్తాను. ఆ తర్వాత ఎలీసమ్మకు మళ్ళీ ముప్పై మూడు చేసి పెడతాను.

పావుగంట తర్వాత చూస్తే ముప్పై మూడు.

మళ్ళీ నలభై నొక్కాను. మధ్యాహ్నం భోజనాల వేళకు మళ్ళీ ముప్పై మూడు. మళ్ళీ నొక్కాను. నాలుగున్నరకు మళ్ళీ ముప్పై మూడు. బాషాకు ఫోన్ చేశాను.

"మీ మిషను నా మాట వినడం లేదు."

"మిషను వింటూనే ఉంది సార్. మీ ఒక్కరి మాటే వినాలని దానికి చెప్పలేదు."

అందులో భావం నాకు అప్పుడు ఎక్కలేదు. శనివారం కూడా నొక్కుతూనే ఉన్నాను. సాయంత్రానికి ఏ కారణం చేతో ముప్పై ఎనిమిది దగ్గర నిలిచిపోయింది. ముప్పై ఎనిమిదైనా చాలులే అనుకున్నాను.

ఆదివారం చీరాల చుట్టాలు, పక్కింటివాళ్ళు, ఎలీసమ్మ స్కూలు టీచర్లు, అందరూ వచ్చారు. తువ్వాలు భుజాన వేసుకుని కొలను అంచుకు వెళ్ళి, వేలు ముంచి, చటుక్కున వెనక్కి లాగాను.

"కాలిపోతోంది. మిషను చెడినట్టుంది. ఇవాళ దిగడానికి లేదు. పదండి, బిర్యానీ చల్లారిపోతుంది."

మా అత్తగారు నన్ను పక్కకు జరిపి, మెట్టు మీద కూర్చుని పాదం పెట్టింది. కళ్ళు మూసుకుంది.

"ఒరేయ్ సాల్మనూ, ఇవి తలంటు నీళ్ళురా. సున్నిపిండి ఉందేమో అడుగు."

చీరతోనే దిగింది. ఆమె వెనక సుబ్బరావమ్మగారు దిగింది. స్కూల్లో ఆటలు నేర్పే పీఈటీ టీచరు నస్రత్, మోకాళ్ళ నొప్పులున్న ఇంకో ముగ్గురు టీచర్లు దిగారు. పది నిమిషాల్లో కొలను నిండిపోయింది. బిర్యానీ ఊసెత్తిన వాళ్ళు లేరు.

వాళ్ళ మధ్య ఎలీసమ్మ ఆ గోడ నుంచి ఈ గోడకు నడుస్తోంది. దేన్నీ పట్టుకోలేదు. కింద పాదాల వంక చూసుకోవడం లేదు. పక్కన నస్రత్‌తో కబుర్లాడుతూ, నవ్వుతూ నడుస్తోంది. అలా నడవగా చూసి నాకు మూడేళ్ళయింది. ఆ సంతోషంలో నేనెందుకు భయపడుతున్నానో కూడా మర్చిపోయాను.

సాల్మన్ మర్చిపోలేదు. ఫోన్ పైకెత్తి వీడియో మొదలుపెట్టాడు.

"ఇక దూకు బావా. కృష్ణ దాటినవాడివి, నీకిదెంత?"

"మరీ వేడిగా ఉందిరా. నాకు పడదు."

ఎలీసమ్మ నీళ్ళలోనే నిలబడి తమ్ముణ్ణి పిలిచింది. "సాల్మన్, ఆ కుర్చీలో నా ఫోన్ ఉంది. నీళ్ళ మిషను యాప్ తెరిచి, ఎవరెప్పుడు ఏం నొక్కారో పైకి చదువు."

వాడు చదివాడు. "శుక్రవారం పదకొండు, నతానియేలు, నలభై. పదకొండూ పది, ఎలీసమ్మ, ముప్పై మూడు. పదకొండూ ఇరవై, నతానియేలు, నలభై..." అలా శనివారం సాయంత్రం దాకా చదివాడు. సుబ్బరావమ్మగారు నవ్వలేక గోడ పట్టుకుంది.

"నీ ఫోన్లో కూడా ఉందా?" అన్నాను.

"బాషా గారు ముందు నా ఫోన్లోనే పెట్టారు. మీది రెండోది. నిన్న సాయంత్రం దిగి చూస్తే ముప్పై ఎనిమిదికి మోకాళ్ళు హాయిగా ఉన్నాయి. అందుకని అక్కడ వదిలేశాను."

"ఇంతకీ బావ ఎందుకు పెంచినట్టు?" అన్నాడు సాల్మన్.

"మీ బావకు ఈత రాదు" అంది ఎలీసమ్మ, రేపు సెలవని చెప్పినంత మామూలుగా. "పెళ్ళయిన వారానికే తెలుసు. చీరాల ఓడరేవులో, సముద్రం ఒడ్డున, కెరటం వచ్చినప్పుడల్లా నా వెనక్కొచ్చి నిలబడ్డారు."

"మరి ఇన్నేళ్ళూ చెప్పలేదేంటి?" అన్నాను.

"కాలువ ఎంతదాకా పెరుగుతుందో చూద్దామని. ఇంకో పెళ్ళి జరిగి ఉంటే బంగాళాఖాతం దాటేసేవారు."

ఆ నవ్వులో నేను తువ్వాలు కప్పుకుని ఇంట్లోకి జారుకోబోయాను. ఎలీసమ్మ మెట్ల దగ్గరికి నడిచి వచ్చి చెయ్యి చాపింది.

"రండి. నాలుగడుగుల లోతే. నేను పట్టుకుంటాను."

మోకాళ్ళ నొప్పులావిడ చెయ్యి పట్టుకుని, ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ ఆనించి, ఆగి, ఊపిరి తీసుకుని దిగాను. నీళ్ళు నిజంగానే హాయిగా ఉన్నాయి. నస్రత్ నా వంక చూసి, "రేపు ఉదయం ఆరింటికి ఇక్కడే నా ఈత క్లాసు, వచ్చెయ్యండి సార్. మేడం మీ పేరు నవంబర్లోనే రాయించారు" అంది.

ఇప్పుడు రోజూ ఉదయం ఎనిమిది మంది ఆడవాళ్ళ మధ్య కొలను అంచున కడ్డీ పట్టుకుని కాళ్ళాడిస్తున్నాను. నిన్న మొదటిసారి కడ్డీ వదిలి నీళ్ళ మీద తేలాను. ఎనిమిది లెక్కపెట్టేదాకా తేలానన్నాను. ఐదేనంది ఎలీసమ్మ.

కాసేపటికి సాల్మన్ ఫోన్ చేశాడు. "తేలావంట గదా బావా. ఎంతసేపు?"

ఆమె పక్కనే తల తుడుచుకుంటోంది.

"ఐదు" అన్నాను.